గొర్రుకీ స్పేరుపార్టులుండేవి

బ్రాడ్‌కాస్ట్ అనే మాట వినగానే మనలో చాలామందికి రేడియో గుర్తొస్తుంది. నిజానికి ఆ మాట పుట్టింది పొలంలో. ఇంగ్లీషు రైతు గుప్పెడు గింజలు తీసుకుని చేతి విసురుతో నలుదిక్కులా చల్లడాన్ని బ్రాడ్‌కాస్ట్ చెయ్యడం అనేవాడు. 1920లలో రేడియో వచ్చాక కబుర్లు వెదజల్లడానికి కూడా అదే మాట అరువు తెచ్చుకున్నారు. కాబట్టి మా నాచారం కాలనీ పార్కులో పచ్చిక మీద ఎరువు చల్లే రెండు చక్రాల బండిని 'బ్రాడ్‌కాస్ట్ స్ప్రెడర్' అంటే అది రేడియోకి చుట్టమేమో అనుకోకండి. రేడియోయే దానికి చుట్టం!

మా వైపు పచ్చికకి కరువులేదు. ఉప్పల్ రోడ్డులో 1961లో ఏర్పడ్డ భూభౌతిక పరిశోధన సంస్థ, ఆ తర్వాత వచ్చిన సి.సి.ఎం.బి., ఇటు 2005 నుంచీ అంతర్జాతీయ పోటీలు జరుగుతున్న ఉప్పల్ క్రికెట్ మైదానం... వాటిని చూసి కాలనీ పార్కులకీ పచ్చిక మోజు పట్టుకుంది. బెర్ముడా గ్రాస్ అని ఘనంగా పేరు చెప్పి తెప్పించే ఆ గడ్డి ఏమిటో తెలుసా? మన గరికే. వినాయకచవితికి పూజలో పెట్టేదీ, మర్నాడు చేలో కనిపిస్తే పీకి గట్టు మీద పారేసేదీ అదే గరిక.

ఆ బండి పనితనం చెప్పాలంటే ఇంతే. పైన తొట్టి, దాని అడుగున చిన్న కంత, కంతకి జరిపే మూత. కంత కింద రెక్కలున్న పళ్ళెం. బండి తోస్తే చక్రాల ఇరుసు తిరుగుతుంది. ఇరుసు మీదున్న పళ్ళచక్రం ఇంకో చిన్న పళ్ళచక్రాన్ని తిప్పుతుంది, అది పళ్ళేన్ని గిర్రున తిప్పుతుంది. జారిన ఎరువు పళ్ళెం మీద పడి విసనకర్ర విప్పినట్టు ముందుకి ఎగురుతుంది. ఒకేసారి పోసెయ్యకుండా సగం ఎరువు నిలువుగా, సగం అడ్డంగా నడిచి చల్లాలి. లేకపోతే పచ్చికకి చీరంచులాగా చారలు పడతాయి.

ఇక దాని ఆరోగ్యం సంగతి. యూరియా ఉప్పులాంటిదే, గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? తొట్టిలో మిగిలిన ఎరువు రాత్రికి ముద్దకడుతుంది, కంత పూడుకుపోతుంది, ఇనప ఇరుసు తుప్పు పడుతుంది. పని కాగానే తొట్టి దులిపి, నీళ్ళతో కడిగి, నీడన బాగా ఆరబెట్టి, ఇరుసుకి రెండు చుక్కలు నూనె వెయ్యాలి. రుబ్బురోలు కడగకుండా పడుకునే ఇల్లాలు లేనట్టే, స్ప్రెడర్ కడగని తోటమాలి ఉండకూడదు. కానీ ఉంటాడు. అందుకే స్పేరుపార్టుల బాధ.

ఈ బాధ మన పూర్వీకులకి లేదా అని వెతికితే నాకు గొర్రు కనిపించింది. తుమ్మ దూలానికి మూడో నాలుగో పళ్ళు, ఒక్కో పంటికి వెనక వెదురు గొట్టం, ఆ గొట్టాలన్నీ పైన కలిసే చోట జడ్డిగం అనే చెక్క గిన్నె. ఎద్దులు లాగుతూంటే వెనక నడిచే మనిషి గుప్పిట్లోంచి గింజలు గిన్నెలోకి వదలాలి. చాలాచోట్ల ఆ మనిషి ఆడదే. మూడు గొట్టాల్లోకీ సమంగా పడేట్టు, సాలులో వెలితి లేకుండా, ఒత్తు కాకుండా వదలడం ఆమె వేళ్ళ నేర్పు. మా బండికి అంకెలు వేసిన మూత ఏ పని చేస్తుందో ఆ పని ఆ వేళ్ళు చేసేవి. ఆ నేర్పుకి పట్టా ఎవరిస్తారు, చెప్పండి!

ఇంగ్లండులో జెత్రో టల్ అనే ఆయన 1701లో విత్తనాల యంత్రం కనిపెట్టాడని మనకి బళ్ళో చెప్పారు. ఆ శతాబ్దం చివర్లో కెప్టెన్ హాల్కాట్ అనే కంపెనీ ఉద్యోగి గుంటూరు ప్రాంతంలో గుర్రమ్మీద పోతూ ఒక చేలో గొర్రు నడవడం చూసి ఆశ్చర్యపోయాడు. గొర్రు యూరపు వాళ్ళు ఈమధ్య కనిపెట్టిందని అంతవరకూ ఆయన నమ్మకం. వాకబు చేస్తే అది అక్కడ ఎప్పటినుంచో ఉన్న పనిముట్టేనని తేలింది. వరి తప్ప తక్కిన ధాన్యాలన్నీ దానితోనే విత్తుతున్నారు. ఈ సంగతి ఆయన ఇంగ్లండులోని వ్యవసాయ మండలికి రాసి పంపాడు. ధరంపాల్ గారు 1971లో వేసిన గ్రంథంలో ఆ ఉత్తరాలు మళ్ళీ అచ్చయ్యాయి. వాటిలో నన్ను ఆపేసిన విషయం మన గొర్రు పాతదనం కాదు. పేటెంటు పొందిన ఇంగ్లీషు గొర్రు ఆయనకి తెలుసు. అయినా ఈ నాటు గొర్రే సులువని మెచ్చుకున్నాడు. ఇంగ్లీషు గొర్రు ఖరీదు ఎక్కువ, చిక్కు ఎక్కువ.

చిక్కు ఎక్కువంటే ఏమిటి? విరిగితే బాగుచేసేవాడు దగ్గర్లో లేడని. మన గొర్రు పన్ను అరిగితే కమ్మరి కొలిమి రెండు వీధుల అవతల. దూలం చీలితే వడ్రంగి ఇల్లు ఇంకా దగ్గర. వాళ్ళకి పంట కళ్ళంలో ధాన్యం కొలిచేవారు. దొర వచ్చి చూస్తే నాటుగా కనిపించిన పనిముట్టు వెనకాల ఊళ్ళో ఒక కార్ఖానా మొత్తం ఉంది. ఆ ఏర్పాటులో కమ్మరికీ వడ్రంగికీ దక్కింది న్యాయమేనా అంటే నేను ఒప్పుకోను. కరువొస్తే ముందు ఎండేది వాళ్ళ కడుపే. కానీ విత్తనాల అదను మూడు రోజులు ఉంటే, ఆ మూడు రోజుల్లో గొర్రు బాగయ్యేది. అదను తప్పితే ఏడాదే తప్పేది మరి.

మా కాలనీ స్ప్రెడర్ ఎవరో అమెరికా నుంచి తెచ్చి ఇచ్చినది. నిరుడు దాని చిన్న పళ్ళచక్రం, ప్లాస్టిక్‌ది, నాలుగు పళ్ళు రాలగొట్టుకుంది. తయారుచేసిన కంపెనీకి రాస్తే ఆ నమూనా మానేశామని జవాబు. మా సెక్రటరీ గారు రాణిగంజ్ మొత్తం తిరిగారు. బోల్టులు, పిన్నులు, చక్రాల బుష్షులు అన్నీ దొరికాయి, ఆ ఒక్కటి తప్ప. బండిని పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు. ఇనుమంతా బాగుంది, బొటనవేలంత ప్లాస్టిక్ కోసం పారెయ్యాలా అని నాకు మనసొప్పలేదు.

లాలాగూడలో 1893 నుంచీ రైల్వే కార్ఖానా నడుస్తోంది. మౌలాలీలో ఒకప్పుడు హెచ్.ఎం.టి. బేరింగుల ఫ్యాక్టరీ ఉండేది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి సందుల్లో ఇప్పటికీ లేతు మిషన్లు గిర్రుమంటూంటాయి. అలాంటి ఒక షెడ్డుకి ఆ విరిగిన చక్రం పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "జత చక్రం గూడ తీస్కరండమ్మా. ఒక్కదాన్నే జూసి కోస్తే పండ్లకు పండ్లు కలవయి," అన్నాడు. రెండూ ఇచ్చాను. రాలిపోయిన పళ్ళ మొదళ్ళు కూడా లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాడు. ఇత్తడితో చెయ్యండి, గట్టిగా ఉంటుందన్నాను. "ఇది గట్టిగుంటే అవతలిది అరుగుతది. నైలాను మంచిది. మళ్ళ అరిగినా సరే, లెక్క నా దగ్గరుంటది," అన్నాడు.

చక్రం నాలుగో రోజున వచ్చింది. పాతది నల్లగా ఉండేది, ఇది తెల్లగా కొబ్బరిముక్కలా ఉంది. కాగితం మాత్రం ఆయన గోడకి మేకుకి గుచ్చేశాడు. దాని కింద గ్రైండర్లవీ, బోరు మోటార్లవీ ఇంకా ఎన్ని కాగితాలున్నాయో!