కామ్రీ వ్యాగనా, అకార్డ్ వ్యాగనా?

అమెరికా వచ్చిన మన సాఫ్ట్‌వేర్ జనానికి పాత కారు కొనడమంటే ప్రశ్న ఒక్కటే: కామ్రీయా, అకార్డా? వైటూకే పుణ్యమా అని దిగినవాళ్ళ దగ్గర్నుంచీ ఇదే చర్చ. ఈ ప్రశ్నకి ఒక పెద్దన్నయ్య లాంటి ప్రశ్న కూడా ఉండేది. రెండిట్లోనూ స్టేషన్ వ్యాగన్లు వచ్చేవి.

2002లో మా టీమ్‌లో ఒకాయన రెండు ప్రకటనలు ముందేసుకుని నెల రోజులు తలకొట్టుకున్నాడు. ఒకటి 1996 కామ్రీ వ్యాగన్, ఇంకోటి 1996 అకార్డ్ వ్యాగన్. ఇద్దరు పిల్లలు, వేసవికి ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు, వాళ్ళ పెట్టెలు... ఇవన్నీ పట్టాలి, నడుపుతుంటే మాత్రం కారులాగే ఉండాలి. మరి కొంచెం కొత్తది చూసుకోవచ్చుగా అన్నాను. లేదట! అమెరికాలో కామ్రీ వ్యాగన్ 1996తోనూ, అకార్డ్ వ్యాగన్ 1997తోనూ ఆగిపోయాయి.

ఇంత పనికొచ్చే బండిని ఇద్దరూ దాదాపు ఒకేసారి ఎందుకు ఆపేశారా అని తవ్వితే, కథ రైల్వే స్టేషన్ నుంచి మొదలవుతుంది. రైలు దిగినవాళ్ళని పెట్టెబేడాతో సహా హోటలుకి చేర్చడానికి ఫోర్డ్ మోడల్ టీ ఛాసిస్ మీద చెక్క బాడీ కట్టించేవారు. స్టేషన్ వ్యాగన్ అనే పేరు అలా వచ్చింది. (ఇంగ్లండు దొరలు తమ ఎస్టేట్లలో తిరగడానికి వాడారు కాబట్టి అక్కడ ఎస్టేట్ కారయింది.) 1949లో ప్లిమత్ వాళ్ళు పూర్తి ఉక్కు బాడీతో సబర్బన్ తెచ్చారు. ఊరి బయట ఇళ్ళు పెరిగినకొద్దీ వ్యాగన్ ఇంటింటి బండి అయిపోయింది.

తర్వాత 1973 చమురు సంక్షోభం. 1975లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఒక కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీ 1978లో గాలనుకి 18 మైళ్ళు, 1985కల్లా 27.5 ఉండాలి, లేకపోతే జరిమానా. దీన్నే కాఫే అంటారు, మన ఇరానీ కేఫ్ కాదు లెండి. ఇక్కడే అసలు కిటుకుంది. లైట్ ట్రక్కులకి వేరే, తక్కువ లెక్క పెట్టారు. రైతులు, మేస్త్రీలు వాడుకునేవి కదా అని. 1996 నుంచి 2004 వరకు ట్రక్కులకి అడిగింది 20.7 మాత్రమే.

మరి ట్రక్కంటే ఏమిటి? మనం కోడ్ రాసేవాళ్ళం కాబట్టి ఈ నిర్వచనం చూస్తే నవ్వొస్తుంది. 2011 మోడళ్ళ వరకూ, వెనక సీట్లు స్క్రూడ్రైవరో, రెంచో పెట్టి ఊడదీస్తే చివరిదాకా చదునైన నేల వస్తే, అది ట్రక్కు కింద లెక్క. లేదా నాలుగు చక్రాలూ తిరుగుతూ, నేలకి తగినంత ఎత్తులో ఉంటే, అదీ ట్రక్కే. అచ్చం ఇఫ్-ఎల్స్! వ్యాగన్ పుట్టుకే కారు నేల మీద కాబట్టి అది ఎల్స్‌లో పడింది. 1983 చివర్లో క్రైస్లర్ మినీవ్యాన్లు, 1990లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఇఫ్‌లోకి దూరాయి. మోసేది అదే కుటుంబం, అవే పెట్టెలు.

డాలస్ పక్కన ఆర్లింగ్టన్ చూడండి. అక్కడి జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో పెద్ద వ్యాగన్లు, అంటే షెవర్లే కాప్రీస్, బ్యూక్ రోడ్‌మాస్టర్, 1996లో ఆగిపోయాయి. అదే ఫ్యాక్టరీని ట్రక్కులకి మార్చారు, తర్వాత టాహోలు అక్కడ్నుంచే వచ్చాయి. ఇంకా తమాషా ఏంటంటే, 2005 మోడల్ సుబారు ఔట్‌బ్యాక్‌ని, ఆఖరికి దాని సెడాన్‌ని కూడా, కాస్త ఎత్తు పెంచి ట్రక్కుల ఖాతాలో వేయించుకున్నారు. సెడాన్, ట్రక్కు!

నిజం చెప్పాలంటే కామ్రీ, అకార్డ్ వ్యాగన్లని ఈ చట్టం నేరుగా కొట్టలేదు. ఎక్కువగా నాలుగు సిలిండర్ల బళ్ళే, మైలేజీకి ఢోకా లేదు. మినీవ్యాన్‌లో చోటు ఎక్కువన్నదీ నిజమే. కానీ చట్టం ఒక వైపు వాలు కట్టాక నీళ్ళు అటే పారతాయి. ఆర్‌ఏవీ4, సీఆర్‌వీ అమెరికాలో దిగింది సరిగ్గా 1996-97ల్లోనే. ఒకప్పుడు ఒహాయోలో కట్టిన అకార్డ్ వ్యాగన్, కెంటకీలో కట్టిన కామ్రీ వ్యాగన్ (సెప్టర్ పేరుతో) తిరిగి జపాన్‌కే ఎగుమతయ్యాయి అంటే నమ్ముతారా?

మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. 2004లో టాటా ఇండిగో మరీనా వచ్చింది, ఇంటిల్లిపాదికీ పనికొచ్చే బండి. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు, చిన్న ఇంజన్ ఉన్న కార్లకి ఎక్సైజ్ 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. 2008లో అదే టాటా వాళ్ళు ఇండిగో తోక కత్తిరించి సీఎస్ అమ్మారు. మరీనాకి తోకే ప్రాణం, ఎక్కడని కత్తిరిస్తారు? కొన్నాళ్ళకి అదీ కనుమరుగైంది.

సరే, మా వాడి సంగతి. కామ్రీకి వెనక అద్దానికి రెండు వైపర్లు, వెనక్కి తిరిగి కూర్చునే మూడో వరస సీటు (అందరికీ కాదు, అడిగినవాళ్ళకి). పిల్లలకి పండగే. అకార్డ్ నడపడానికి హాయి. నా ఓటు మాత్రం కామ్రీకే, కారణం టైమింగ్ బెల్ట్. 2.2 లీటర్ల కామ్రీ ఇంజన్లో అది తెగితే బండి ఆగుతుంది, టో చేయించి కొత్తది వేయించుకోవచ్చు. అకార్డ్ ఇంజన్లో తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకి కొడతాయి, బాగుచేయడానికి బండి ధరంత అవుతుంది. లక్ష మైళ్ళు దాటిన బండికి ఇది చిన్న విషయం కాదు.

ఆయన చివరికి అకార్డే కొన్నాడు. 92 వేల మైళ్ళ దగ్గర బెల్ట్, వాటర్ పంప్ మార్చిన రశీదు అమ్మేవాళ్ళు తీసి చూపించారు. కామ్రీ ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు.