పలుచని పొరల ఇంధన ఘటములు

ఉదజని వంటి ఇంధనవాయువును మంటగా మండనీయక, ఆమ్లజనితో దాని సంయోగమున వెలువడు శక్తిని నేరుగా విద్యుత్తుగా మార్చు సాధనమే ఇంధన ఘటము. ఒక ఎలక్ట్రోడు వద్ద ఉదజని విడిచిన ఎలక్ట్రానులు వెలుపలి తీగగుండ ప్రవహింపగా, మిగిలిన ప్రోటానులు నడుమనున్న విద్యుద్విశ్లేష్యమును దాటి, ఆవలి ఎలక్ట్రోడు కడ ఆమ్లజనితో కలిసి నీరగును. దాటవలసిన దూరము పెరిగినకొలది నిరోధము పెరుగును. కావున ఈ ఘటముల చరిత్ర చాలవరకు ఆ నడిమి పొరను పలుచన చేయుటకై జరిగిన కృషియే.

వృత్తిచే న్యాయవాది యగు విలియం గ్రోవ్ 1839లో సజల గంధకామ్లమున ప్లాటినం రేకులను నిలిపి ఈ ధర్మమును కనుగొనెను. 1889లో లుడ్విగ్ మాండ్, చార్లెస్ లాంగర్ అనువారు ఆమ్లమును పాత్రలో నింపుటకు మాఱుగా సచ్ఛిద్రమైన పలకలో ఇంకించి, దాని ఇరుప్రక్కల చిల్లుల ప్లాటినం రేకును అమర్చి, ప్లాటినం నలుపును సన్నని పూతగా పూసిరి. పొర యను భావమునకు బీజము ఇచటనే పడినదనవచ్చును. 1955లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ యందలి థామస్ గ్రబ్ ద్రవమును పూర్తిగా విడిచి, అయాను వినిమయ పొరను వాడెను. 1965లో జెమిని 5 వ్యోమనౌకకు విద్యుత్తు నొసగినవి ఈ జాతి ఘటములే.

వీనిలో మిక్కిలి విచిత్రమైనది 1990లో అమెరికాలోని బెల్‌కోర్ సంస్థ పరిశోధకుడు క్రిస్టఫర్ డయర్ ప్రకటించిన ఘటము. రెండు వాయువులను వేరువేరుగా ఉంచవలెనను నియమము అంతవరకు దాదాపు శాసనమువలె చెల్లుచుండెను. డయర్ మైక్రోమీటరుకంటె పలుచనైన అల్యూమినా జాతి పొరను రెండు ప్లాటినం పూతల నడుమ నిలిపి, ఉదజనిని గాలితో కలిపియే దానికందించి, గది ఉష్ణోగ్రతవద్దనే సుమారు ఒక వోల్టు రాబట్టెను. శక్తి స్వల్పమే; చదరపు సెంటీమీటరునకు కొలది మిల్లీవాట్లు మాత్రమే. అయినను ఒక నియమమునే సందేహింపజేసిన ప్రయోగమునకు చరిత్రలో స్థానము దాని వాట్లనుబట్టి నిర్ణయింపరాదు. 1992లో లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు విల్సన్, గాట్స్‌ఫెల్డ్‌లు ఉత్ప్రేరకమును సైతము పలుచని పూతగా మార్చి, పూర్వము చదరపు సెంటీమీటరునకు 4 మిల్లీగ్రాములున్న ప్లాటినమును 0.2 కంటె దిగువకు తెచ్చిరి. అయితే వాయువులను వేరుగా నుంచు ఘటములలో నడిమి పొర మితిమీరి పలుచనైనచో సూక్ష్మరంధ్రములేర్పడి వాయువులు అడ్డదారిని కలిసిపోవు భయము ఎల్లప్పుడు ఉండనే యున్నది.

మదుర తెలుగువారికి ఈ విద్య దూరదేశపు వార్త కాదు. అచటి మాట్టుతావణి బస్టాండులో బస్సెక్కినచో చేరగల కారైక్కుడిలో, అళగప్ప చెట్టియారు దానమొసగిన 300 ఎకరముల భూమియు 15 లక్షల రూపాయల ధనమును ఆధారముగా, కేంద్రీయ విద్యుద్రసాయన పరిశోధనాలయము వెలసినది. 1948 జూలై 25న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ సంస్థను 1953 జనవరి 14న సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించెను. శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలికి చెందిన ఈ సంస్థయు పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలయు పెంపొందించిన పరిజ్ఞానముతో, 2020లో పూనా యందు ఉదజని కారు పరీక్షార్థము నడిచెను. 65 మొదలు 75 సెల్సియస్ డిగ్రీలవద్ద పనిచేయు దాని 10 కిలోవాట్ల ఘటమాలికలో ఘటముల నడుమనుండు లోహఫలకములను సైతము పలుచన చేయుటచే, మాలిక బరువు మూడింట రెండు వంతులు తగ్గినది.