నిల్వ పిండి పురుగులు

నిల్వ పిండి పురుగులు అనగా ఇళ్ళలోను, పిండి మరలలోను, గిడ్డంగులలోను నిల్వ ఉంచిన పిండి, రవ్వ, ధాన్యం, పప్పులు, మసాలా దినుసులను ఆశించి పాడుచేసే కీటకాలు. వీటిలో అధిక భాగం పెంకు పురుగులు. కొన్ని చిమ్మట జాతికి చెందినవి. జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగి సంగటి ముఖ్యాహారంగా గల కర్నూలు, కడప ప్రాంతాలలో తిండిగింజలను ఏడాది పొడవునా ఇంటిలో నిల్వ చేసుకొనే అలవాటు పూర్వం నుండి ఉన్నది. అందువలన ఈ పురుగుల బెడద, దానిని ఎదుర్కొనే ఉపాయాలు రెండూ ఇక్కడి వారికి సుపరిచితాలు.

పురుగులు వచ్చే విధానం

పిండిలో పురుగు దానంతట అదే పుడుతుందని కొందరు భావిస్తారు. ఇది నిజం కాదు. పొలంలోనో, మరలోనో, దుకాణంలోనో పెట్టబడిన గుడ్లు సరుకుతోపాటు ఇంటికి చేరతాయి. పాత గోనెసంచులు, అలమర పగుళ్ళు, డబ్బా మూత అంచున పేరుకొన్న పాత పిండి కూడా వీటికి ఆవాసాలు. గుడ్డు, డింభకం (లార్వా), ప్యూపా, ప్రౌఢ కీటకం అనే నాలుగు దశలలో వీటి జీవితం సాగుతుంది.

ముఖ్యమైన రకాలు

* ఎర్ర పిండి పురుగు (ట్రైబోలియమ్ కాస్టేనియమ్): 3 నుండి 4 మి.మీ. పొడవు, ఎరుపు కలిసిన గోధుమ రంగు కలిగి ఉంటుంది. గట్టి గింజను తొలచలేదు గాని, పిండిలోను, రవ్వలోను, నూకలలోను విపరీతంగా వృద్ధి చెందుతుంది. 30 నుండి 35 డిగ్రీల సెల్సియస్ వేడిలో గుడ్డు ప్రౌఢ కీటకంగా మారడానికి సుమారు ఒక నెల పడుతుంది. ఇది విసర్జించే క్వినోన్లు అనే రసాయనాల వలన పిండికి ఘాటైన చెడు వాసన, కొద్దిపాటి గులాబీ రంగు వస్తాయి.
* ముక్కు పురుగు (సైటోఫైలస్ ఒరైజే): బియ్యం, జొన్నలు, గోధుమలను ఆశిస్తుంది. ఆడ పురుగు గింజకు రంధ్రం చేసి, అందులో గుడ్డు పెట్టి మూసివేస్తుంది. డింభకం గింజ లోపలే పెరుగుతుంది కనుక మెత్తని పిండిలో ఇది సంతతిని పెంచుకోలేదు. పిండిలో ఇది కనిపిస్తే, సమీపంలోని ధాన్యాన్ని పరీక్షించాలి.
* బియ్యపు చిలకపురుగు (కార్సిరా సెఫలోనికా): దీని గొంగళి పురుగులు రవ్వను, నూకలను పట్టుదారాలతో గడ్డకట్టిస్తాయి.
* పప్పు పురుగు (కాలోసోబ్రూకస్): శనగలు, పెసలు, అలసందలు, కందులను పుచ్చిపోయేలా చేస్తుంది. గింజపై అంటుకొని ఉండే తెల్లని చుక్కలు దీని గుడ్లు.
* ఖాప్రా పురుగు (ట్రోగోడెర్మా గ్రానేరియమ్): వెంట్రుకలు గల దీని డింభకాలు పగుళ్ళలో దాగి, ఆహారం లేకపోయినా చాలాకాలం జీవించగలవు.
* సిగరెట్ పురుగు (లాసియోడెర్మా సెరికార్నే): పొగాకుతోపాటు పసుపు, ధనియాలు, ఎండుమిరప వంటి వాటిని కూడా తొలుస్తుంది.

రాయలసీమ వాతావరణ ప్రభావం

ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. బాగా ఎండి, తేమ 10 శాతానికి లోపు ఉన్న గింజలలో చాలా రకాల పురుగుల పెరుగుదల మందగిస్తుంది. సెప్టెంబరు నుండి నవంబరు వరకు కురిసే వానలకు గాలిలో తేమ పెరిగి, గింజలు దానిని పీల్చుకొని మెత్తబడతాయి. పురుగులు హెచ్చేది ఇటువంటి సమయంలోనే. ఖాప్రా పురుగు మాత్రం పొడి వేడిలో కూడా వృద్ధి చెందగలదు.

సంప్రదాయ పద్ధతులు

పూర్వం జొన్నలను నేలలో త్రవ్విన పాతరలలో నిల్వ చేసేవారు. గుంత లోపల గడ్డి పరచి, గింజలు నింపి, పైన మట్టితో కప్పేవారు. గింజలు, పురుగులు శ్వాసించుటచే లోపలి ప్రాణవాయువు తరిగి, బొగ్గుపులుసు వాయువు పెరిగి పురుగులు నశించేవి. పాతర తెరచిన వెంటనే దిగిన మనిషికి కూడా ఇదే కారణంగా ప్రాణాపాయం కలుగుతుంది. అందుచేత తెరచిన తరువాత కొంతకాలం గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసేవారు. నేటి గాలి చొరని సంచులకు ఆధారం కూడా ఈ సూత్రమే.

కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, పప్పుగింజలకు ఆముదం రాయడం, గాదెలలో ఎండిన వేపాకు వేయడం ఇతర పద్ధతులు. నూనె పూత గుడ్లకు గాలి అందకుండా చేస్తుంది. కిలో గింజలకు సుమారు 5 మి.లీ. చాలు. రాగులు గింజగా ఉన్నంతకాలం పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి నిలుస్తాయి. కాని పిండి చేసిన తరువాత రాగులకు ఆ రక్షణ ఉండదు. ధాన్యాన్ని గింజగానే దాచి, కొద్దికొద్దిగా మర పట్టించుకోవడం అన్నిటికంటే మేలైన నివారణ.

వంటింటిలో నివారణ

# పిండిని రెండు, మూడు వారాలకు సరిపడా మాత్రమే పట్టించాలి. మర నుండి తెచ్చిన వేడి పిండిని పూర్తిగా చల్లార్చిన తరువాతనే డబ్బాలో పోయాలి. లేనిచో లోపల చెమ్మ చేరుతుంది.
# పాత పిండిపై కొత్త పిండిని పోయరాదు. డబ్బాను కడిగి, ఎండబెట్టి నింపాలి.
# రవ్వను దోరగా వేయించి, చల్లార్చి, బిగుతైన మూత గల డబ్బాలో ఉంచాలి.
# పురుగు కనిపిస్తే ఒక్క డబ్బాతో సరిపెట్టక, అలమరలోని అన్ని సరుకులను బయటకు తీసి చూడాలి. అరల మూలలను, పగుళ్ళను శుభ్రం చేసి ఆరనివ్వాలి.
# కొద్దిగా పురుగు పట్టిన గింజలను చెరిగి, జల్లించి, మండుటెండలో పలుచగా ఆరబోయాలి. దుర్వాసన వచ్చే పిండిని పారవేయాలి.
# డీప్ ఫ్రీజర్‌లో -18 డిగ్రీల వద్ద నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా నశిస్తాయి.

లవంగాలు, ఎండుమిరపకాయలు, బిర్యానీ ఆకు వంటివి కొంతమేరకు పురుగులను దూరంగా ఉంచవచ్చును గాని, సరుకులో అప్పటికే ఉన్న గుడ్లను చంపలేవు. గింజల బస్తాలలో పురుగు ఉన్నదీ లేనిదీ ముందుగా తెలుసుకొనుటకు కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన రంధ్రాల గొట్టం ఉపయోగపడుతుంది. గింజలలో గుచ్చిన ఈ గొట్టంలోనికి ప్రవేశించిన పురుగులు అడుగున చిక్కుకొంటాయి.

విష మందుల ప్రమాదం

ఒకప్పుడు ధాన్యంలో చల్లిన గమాక్సిన్ (బి.హెచ్.సి.) పొడి వాడకాన్ని భారతదేశంలో 1997లో నిషేధించారు. గిడ్డంగులలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు తేమ తగిలినప్పుడు ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుదల చేస్తాయి. దీనికి విరుగుడు మందు లేదు. ఇంటిలోని బస్తాల మధ్య ఈ మాత్రలు ఉంచి, అక్కడే నిద్రించినవారు మరణించిన సంఘటనలు దేశంలో పలుమార్లు జరిగాయి. ఈ వాయువు సందుల గుండా పక్కగదిలోనికి కూడా వ్యాపించగలదు. 3 గ్రాముల మాత్రలు పది, ఇరవై చొప్పున ఉండే గొట్టపు ప్యాకింగులను 2001లో నిషేధించారు. శిక్షణ పొందినవారు గాలి చొరని విధంగా మూసిన గిడ్డంగులలో మాత్రమే వీటిని వాడాలి. నివాస గృహంలో ఎట్టి పరిస్థితిలోను వాడరాదు.

ఇవి కూడా చూడండి

* జొన్నలు
* రాగి సంగటి
* వేప