పులి కోరల కింద మనిషి: ప్రాచీన చైనా కళాఖండాల్లో అధికారం, కరుణ

జపాన్‌లోని క్యోటో నగరంలో, సెన్‌ఒకు సంగ్రహాలయంలో ఒక చైనా కంచు పాత్ర ఉంది. ఎత్తు మూరెడు కూడా ఉండదు. పూర్వీకులకు మద్యం నివేదించడానికి షాంగ్ రాజవంశ కాలంలో, అంటే సుమారు 3000 ఏళ్ల కిందట, పోత పోసిన పాత్ర అది. ఆకారం పులిది. వెనుక కాళ్ల మీద కూర్చున్న ఆ పులి నోరు తెరిచి, ముందు కాళ్లతో ఒక మనిషిని పొదివి పట్టుకుంది. మనిషి తల సరిగ్గా కోరల కింద ఉంది. అయినా అతడు పెనుగులాడడం లేదు. చేతులతో పులిని పట్టుకుని ఉన్నాడు. ముఖంలో భయమూ లేదు. ఇలాంటి పాత్రే మరొకటి పారిస్‌లోని సెర్నుస్కీ సంగ్రహాలయంలో ఉంది.

ఆ పులి మనిషిని తింటోందా? కాపాడుతోందా? పండితులు దశాబ్దాలుగా దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. మనం ఈ ప్రశ్నను పట్టుకుని చైనా పులి వెంట కొంత దూరం నడుద్దాం. ఎందుకంటే వెయ్యేళ్లకు పైగా గడిచాక ఆ నేల మీదకు బౌద్ధం వచ్చినప్పుడు, అదే పులి ముందు మరో మనిషి నిలబడ్డాడు. ఇద్దరి మధ్య ఉన్న తేడాలో మనకు పనికొచ్చే చరిత్ర ఉంది.

చైనాలో పులి బొమ్మ చాలా పాతది. 1987లో హెనాన్ రాష్ట్రంలోని పుయాంగ్ దగ్గర షీషుయ్‌పో అనే చోట ఒక నవీన శిలాయుగపు సమాధి బయటపడింది. వయసు 6000 ఏళ్లకు పైమాటే. అందులో ఒక పురుషుడి అస్థిపంజరం, దానికి తూర్పు వైపున గవ్వచిప్పలతో పేర్చిన డ్రాగన్, పడమటి వైపున గవ్వచిప్పలతో పేర్చిన పులి ఉన్నాయి. లోహం తెలియని కాలంలో, నీటి ఒడ్డున ఏరుకొచ్చిన చిప్పలతో చేసిన పని అది. తర్వాతి కాలపు చైనా ఖగోళ సంప్రదాయంలో తూర్పు దిక్కు నీలి డ్రాగన్‌ది, పడమటి దిక్కు తెల్ల పులిది. క్రీ.పూ. 5వ శతాబ్దికి చెందిన జెంగ్ రాజ్యపు పాలకుడు యీ సమాధిని 1978లో తవ్వినప్పుడు ఒక లక్క పూత పెట్టె దొరికింది. దాని మూత మీద 28 నక్షత్ర మండలాల పేర్లు, వాటికి రెండు పక్కలా డ్రాగన్, పులి చిత్రించి ఉన్నాయి. అంటే ఆకాశంలో ఒక దిక్కును కాచే శక్తిగా పులిని భావించారు. చనిపోయినవాడికి ఆ కాపలా ఉండాలని కోరుకున్నారు.

ఇంతవరకు పులి రక్షకురాలే. షాంగ్ రాజుల కాలానికి వచ్చేసరికి అది మరో పనిలోకి దిగింది.

షాంగ్ రాజధాని అన్యాంగ్‌లో 1976లో ఝెంగ్ ఝెన్‌షియాంగ్ అనే మహిళా పురావస్తు శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఫూ హావ్ సమాధి బయటపడింది. ఫూ హావ్ రాజు వూ దింగ్ భార్య. సేనలు నడిపిన రాణి. ఆమె కాలం సుమారు క్రీ.పూ. 1200. దొంగల చేయి పడని ఆ సమాధిలో 468 కంచు వస్తువులు, 755 పచ్చరాతి వస్తువులు దొరికాయి. వాటిలో సుమారు 9 కిలోల బరువున్న ఒక కంచు గండ్రగొడ్డలి ఉంది. దాని మీద రెండు పులులు ఎదురెదురుగా నోళ్లు తెరిచి నిలబడ్డాయి. వాటి మధ్య ఒక మనిషి తల ఉంది. అన్యాంగ్‌లోనే 1939లో దొరికిన హౌముఊ కంచు పాత్ర 832.84 కిలోల బరువు. ప్రాచీన చైనా నుంచి మనకు దక్కిన కంచు పాత్రల్లో ఇంత బరువైనది మరొకటి లేదు. ఒక రాణి కోసం చేయించిన ఆ పాత్ర చెవుల మీద కూడా అదే దృశ్యం ఉంది: రెండు పులులు, మధ్యన మనిషి తల.

హార్వర్డ్‌లో బోధించిన పురావస్తు పండితుడు క్వాంగ్-చీ చాంగ్ ఈ బొమ్మలకు ఒక అర్థం చెప్పాడు. ఆ మనిషి బలిపశువు కాదు, పూర్వీకుల లోకంతో మాట్లాడగల మంత్రవేత్త. పులి అతనికి తోడు నడిచే జంతువు. తెరిచిన నోరు ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య ద్వారం. అందుకే మనిషి ముఖం ప్రశాంతంగా ఉందని ఆయన వాదన. క్యోటో పాత్రను చూస్తే ఈ మాట నమ్మాలనే అనిపిస్తుంది. మరికొందరు పండితులు దీన్ని ఒప్పుకోరు. అది భయపెట్టే రాజశక్తికి గుర్తే అంటారు.

మనం ఇక్కడ ఒక విషయం మరిచిపోకూడదు. ఫూ హావ్ సమాధిలో కంచు, పచ్చరాయితో పాటు 16 మంది మనుషుల అవశేషాలు కూడా ఉన్నాయి. రాణితో పాటు చంపి పూడ్చినవాళ్లు వాళ్లు. అన్యాంగ్ రాజ శ్మశానంలో వందల సంఖ్యలో బలి గుంటలు ఉన్నాయి. జోస్యం చెప్పే ఎముకల మీద షాంగ్ రాజులు చెక్కించిన రాతల్లో, పూర్వీకులకు ఎంతమందిని బలి ఇవ్వాలి అని అడిగిన ప్రశ్నలు కనిపిస్తాయి. ఆ బలుల్లో చియాంగ్ అనే పశ్చిమ జాతి బందీల పేరు పదే పదే వస్తుంది. పరాయివాళ్లు, పట్టుబడ్డవాళ్లు, ఎవరూ అడగనివాళ్లు. కంచు మీది తల మంత్రవేత్తదే కావచ్చు. కానీ ఆ కంచు ముందు నేలకొరిగిన తలలు మాత్రం మంత్రవేత్తలవి కావు. అందమైన వస్తువు వెనుక ఎవరి శరీరం ఉందో అడగడం మనం నేర్చుకున్న చూపు. ఆ చూపును పక్కన పెట్టి ఈ కళను మెచ్చుకోలేం.

క్రీ.పూ. 11వ శతాబ్దిలో ఝౌ వంశం షాంగ్‌ను కూలదోసింది. నరబలులు క్రమంగా తగ్గాయి. పులి రాజు చేతిలోంచి మాత్రం పోలేదు, రూపం మార్చుకుంది. చిన్ రాజ్యపు ‘దూ పులి ముద్ర’ 1970ల్లో షీఆన్ శివార్లలో దొరికింది. అరచేతిలో పట్టే చిన్న కంచు పులి, నిలువునా రెండుగా చేసిన దానిలో ఎడమ సగం. దాని మీద 40 అక్షరాలు బంగారంతో పొదిగారు. కుడి సగం రాజు దగ్గర, ఎడమ సగం దూ ప్రాంతపు అధికారి దగ్గర ఉంటాయి. 50 మందికి మించి సైనికులను కదపాలంటే రెండు సగాలూ కలవాలి. అత్యవసరంగా హెచ్చరిక మంటలు వెలిగినప్పుడు మాత్రం మినహాయింపు. పులి నోట్లో మనిషి తల కనిపించే రోజులు పోయాయి. ఇప్పుడు పులి రెండు ముక్కలు అతికితే వేల తలలు కదులుతాయి. క్రీ.పూ. 257లో వేయ్ రాజ్యపు షిన్‌లింగ్ ప్రభువు, రాజు అంతఃపురంలోని స్త్రీ సాయంతో ఇలాంటి ముద్రనే దొంగిలించి, సేనను నడిపి, చిన్ ముట్టడిలో ఉన్న పొరుగు రాజధానిని కాపాడిన కథ చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు.

ప్రజలకు కూడా పులితో వాళ్ల లెక్క వాళ్లకుంది. కన్ఫ్యూషియస్ పేరిట ఒక కథ ప్రచారంలో ఉంది. తాయ్ పర్వతం దగ్గర ఒక స్త్రీ సమాధి ముందు ఏడుస్తూ ఉంది. ఆమె మామను, భర్తను, చివరికి కొడుకును పులి చంపింది. మరి ఈ చోటు వదిలి ఎందుకు పోలేదని అడిగితే, ఇక్కడ పీడించే ప్రభుత్వం లేదు కాబట్టి అని చెప్పింది. అంటే ఆమె లెక్కలో దుష్టపాలన ముందు పులే నయం. హాన్ కాలంలో జనం కొత్త ఏడాదికి తలుపుల మీద పులి బొమ్మ వేసుకునేవారు. దయ్యాలను పట్టి పులికి మేతగా వేసే ద్వారపాలకుల కథ ఆ కాలపు గ్రంథంలోనే ఉంది. నేటికీ అక్కడి తల్లులు పసిపిల్లలకు పులి తల టోపీలు, పులి ముఖం కుట్టిన చెప్పులు తొడుగుతారు. రాజు పులిని ఇతరులను భయపెట్టడానికి వాడాడు. తల్లి తన బిడ్డకు భయం లేకుండా ఉండడానికి వాడింది.

ఈ నేల మీదకు బౌద్ధం భారతదేశం నుంచి తన పులి కథతో వచ్చింది. 399లో చాంగాన్ నుంచి బయలుదేరిన ఫాహియాన్, తక్షశిలకు తూర్పున బోధిసత్వుడు ఆకలిగొన్న ఆడపులికి తన శరీరాన్ని ఇచ్చిన చోటు గురించి, అక్కడి స్తూపం గురించి రాశాడు. 5వ శతాబ్ది తొలి దశకాల్లో భారతీయ భిక్షువు ధర్మక్షేముడు సువర్ణప్రభాస సూత్రాన్ని చైనా భాషలోకి అనువదించాడు. మహాసత్వ రాకుమారుడి కథ అందులో ఉంది. ఆ శతాబ్ది రెండో సగంలో దున్‌హువాంగ్ 254వ గుహ దక్షిణపు గోడ మీద ఒక చిత్రకారుడు ఆ కథనంతా ఒకే చట్రంలో గీశాడు. ముగ్గురు అన్నదమ్ములు కొండ మీద నుంచి కిందికి చూస్తారు. కింద ఆకలితో లేవలేని తల్లిపులి, దాని పిల్లలు. చిన్నవాడు తన మెడను పొడుచుకుని కొండ మీద నుంచి దూకుతాడు. పులులు అతని శరీరాన్ని చుట్టుముడతాయి. తల్లిదండ్రులు శవం మీద పడి ఏడుస్తారు. ఒక మూలన తెల్లని స్తూపం. 7వ శతాబ్దికి ఈ దృశ్యం జపాన్‌లోని హోర్యూజీ ఆరామంలో ఉన్న తమముషి మందిరం దాకా చేరింది.

ఇక్కడ మనలో చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. తరతరాలుగా త్యాగం చేయమని అణగారినవాళ్లకే బోధించారు. ఇదీ అలాంటి కథే కాదా? చిత్రాన్ని మళ్లీ చూద్దాం. దూకినవాడు బందీ కాదు, సేవకుడు కాదు. రాకుమారుడు. అతడిని ఎవరూ తోయలేదు, ఎవరి సమాధి కోసమూ చంపలేదు. తాను వెళ్లకుండా వేరొకరిని పంపగల స్థానంలో ఉండి కూడా తానే వెళ్లాడు. అన్యాంగ్‌లో ఉన్నవాడు లేనివాడిని పులికి ఇచ్చాడు. దున్‌హువాంగ్‌లో ఉన్నవాడు తనను తాను ఇచ్చుకున్నాడు. త్యాగం ఎవరు చేయాలి అన్న ప్రశ్నను ఈ కథ తలకిందులు చేసింది. పైగా పులి ఇక్కడ రాజచిహ్నం కాదు. పిల్లలకు పాలివ్వలేక పడి ఉన్న తల్లి. ఆకలి తీరితే బతుకుతుంది, లేకపోతే చస్తుంది. అంతే.

దున్‌హువాంగ్‌లోని గ్రంథాల గుహలో మరో రకం చిత్రాలు కూడా దొరికాయి. 9, 10 శతాబ్దాల నాటివి, ఇప్పుడు లండన్, పారిస్ సంగ్రహాలయాల్లో ఉన్నాయి. వీపున గ్రంథాల మూట మోసుకుని దారిలో నడుస్తున్న ఒక భిక్షువు, అతని పక్కనే నడుస్తున్న పులి. కోరల కింద తల లేదు, చేతిలో రెండు ముక్కల ముద్ర లేదు. ఇద్దరు బాటసారులు కలిసి పోతున్నట్టు ఉంటుంది.

కథ మారినంత మాత్రాన రాజులు మారిపోలేదు. బౌద్ధాన్ని ఆదరించిన చైనా చక్రవర్తులు కూడా యుద్ధాలు చేశారు. కానీ గోడ మీద ఒక కొత్త కొలత నిలిచింది. బలం గలవాడు తన బలాన్ని ఎవరి కోసం ఖర్చు పెట్టాడు అని ఆ చిత్రం చూసిన ప్రతి ఒక్కరూ అడగవచ్చు. జెండాల మీద, సింహాసనాల మీద, ఎన్నికల గోడల మీద పులులు, సింహాలు గర్జిస్తూనే ఉన్న ఈ కాలంలో మనం అడగవలసిన ప్రశ్న కూడా అదే: ఆ కోరల కింద ఉన్న తల ఎవరిది, దాన్ని అక్కడ పెట్టిందెవరు?