గుడి వాకిట పశ్చాత్తాపులు

తొలినాటి క్రైస్తవ సంఘాలలో ఘోరపాపానికి పశ్చాత్తాపపడడమంటే సంఘమంతా చూస్తుండగా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగే ఒక ఆచారాన్ని తలకెత్తుకోవడమే. బాప్తిస్మం పూర్వపాపాలన్నిటినీ కడిగివేస్తుందని గట్టిగా నమ్మిన ఆ కాలంలో, బాప్తిస్మం పొందిన తరువాత విగ్రహారాధనలోనో, నరహత్యలోనో, వ్యభిచారంలోనో పడినవారి గతి ఏమిటన్న ప్రశ్న సంఘాలను కలవరపెట్టింది. 2వ శతాబ్దంలో రోములో వెలువడిన ‘హెర్మస్ కాపరి’ అనే గ్రంథం అటువంటివారికి ఇంకొక్క అవకాశం, ఒకే ఒక్క అవకాశం ఉందని చెప్పింది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి నగరవాసి టెర్టూలియన్ 3వ శతాబ్ది ఆరంభంలో ఆ ఆచారాన్ని వర్ణిస్తూ, పాపి మాసిన బట్టలతో బూడిదలో కూర్చొని, ఉపవాసముండి, పెద్దల ముందు సాగిలపడి, తనకోసం ప్రార్థించమని తోటి విశ్వాసులను వేడుకోవాలని రాశాడు; ఒక అవయవం నొప్పిపడుతుంటే తక్కిన దేహం సంతోషంగా ఉండజాలదన్నది అందుకు ఆయన చూపిన కారణం.

ఈ ఆచారానికి అసలు పరీక్ష 250లో ఎదురైంది. సామ్రాజ్యంలోని ప్రజలందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్లు అధికారుల చేత ధ్రువపత్రం రాయించుకోవాలని రోమన్ చక్రవర్తి డేసియస్ ఆజ్ఞాపించగా, క్రైస్తవులలో కొందరు చెరసాలకూ మరణానికీ సిద్ధపడ్డారు, చాలామంది భయంతో లొంగిపోయారు. బలి అర్పించినవారు కొందరు, ధూపం వేసి బయటపడినవారు కొందరు, బలి జోలికి పోకుండా డబ్బిచ్చి పత్రం మాత్రం సంపాదించుకున్నవారు మరికొందరు. హింస సద్దుమణగగానే వీరందరూ మళ్లీ గుడి తలుపు తట్టారు. కార్తేజి బిషప్పు సిప్రియన్ తటపటాయించాడు, ఎందుకంటే హింసలు భరించి బతికిన సాక్షులు పడిపోయినవారికి క్షమాపణ లేఖలు ఉదారంగా ఇస్తున్నారు. ఆ లేఖలతోనే పని జరిగిపోతే కన్నీటికి అర్థమేముంటుందని ఆయన వాదన. 251లో కార్తేజిలో కూడిన బిషప్పుల సభ ఒక్కొక్కరి పరిస్థితినీ విడివిడిగా విచారించి, పత్రం మాత్రమే కొన్నవారిని త్వరగా చేర్చుకోవాలనీ, బలి అర్పించినవారు దీర్ఘకాలం పశ్చాత్తాపంలో ఉండాలనీ నిర్ణయించింది. అదే ఏడు రోములో నొవేషియన్ అనే పెద్ద, విశ్వాసాన్ని వదులుకున్నవారిని తిరిగి చేర్చుకొనే అధికారం సంఘానికి లేదని పట్టుబట్టి వేరే సంఘాన్ని స్థాపించాడు. అది కొన్ని శతాబ్దాలు నిలిచింది. సిప్రియన్ పక్షమే సువార్తకు దగ్గరగా ఉందని చెప్పక తప్పదు, ఎందుకంటే పాపపు తీవ్రతను తక్కువ చేయకుండానే అది తిరిగివచ్చే దారిని తెరిచి ఉంచింది.

4వ శతాబ్దం నాటికి తూర్పు సంఘాలలో ఆ దారికి మెట్లు ఏర్పడ్డాయి. గుడి బయట నిలిచి, లోపలికి వెళ్లేవారిని ప్రార్థించమని అడిగే ‘ఏడ్చేవారు’ మొదటి మెట్టు. వాక్యపఠనం విని వెళ్లిపోయే ‘వినేవారు’ రెండవది. మోకరించి సంఘ ప్రార్థన అందుకొనేవారు మూడవది. చివరివరకూ నిలబడి, ప్రభుభోజనం మాత్రం అందుకోకుండా ఉండేవారు నాలుగవది. కప్పడొకియలోని కైసరయ బిషప్పు బాసిల్ ఉద్దేశపూర్వకంగా హత్య చేసినవాడికి ఈ మెట్ల మీద 20 ఏళ్లు నిర్దేశించాడు: 4 ఏళ్లు ఏడుపు, 5 ఏళ్లు వినడం, 7 ఏళ్లు మోకరింపు, 4 ఏళ్లు నిలుచోవడం. రాజులకూ దీనినుంచి మినహాయింపు దొరకలేదు. 390లో థెస్సలొనీక ప్రజల ఊచకోతకు కారకుడైన థియొడోసియస్ చక్రవర్తికి ప్రభుభోజనం ఇవ్వజాలనని మిలాను బిషప్పు అంబ్రోస్ లేఖ రాయగా, చక్రవర్తి రాజచిహ్నాలు తీసివేసి, గుడిలో ప్రజలందరి ఎదుట విలపించాడు.

ఇంత ఘనమైన ఆచారం తన బరువుకు తానే కుంగిపోయింది. జీవితంలో ఒక్కసారే దొరికే అవకాశం కావడం, దానిని స్వీకరించినవారికి పాశ్చాత్య సంఘాలలో వివాహం, సైనికోద్యోగం వంటివాటిలో ఆంక్షలు జీవితాంతం వెంటాడడం వల్ల ప్రజలు పశ్చాత్తాపాన్ని మరణశయ్యదాకా వాయిదా వేయసాగారు. 506లో గాల్ దేశంలోని అగ్దె సభ, యువకులకు దానిని తేలికగా ఇవ్వవద్దని హెచ్చరించవలసి వచ్చింది. పరిష్కారం ఐర్లండు మఠాలనుంచి వచ్చింది. అక్కడి సన్యాసులు పాపాన్ని ఒక గురువు చెవిలో ఏకాంతంగా చెప్పుకొని, పాపానికి తగిన ఉపవాసమో ప్రార్థనో చేసి, అవసరమైనన్నిసార్లు క్షమ పొందే పద్ధతిని పాటించేవారు. ఏ పాపానికి ఏ ప్రాయశ్చిత్తమో తెలిపే చిన్న గ్రంథాలూ రాసుకున్నారు. ఆ సన్యాసులలో ఒకడైన కొలంబానస్ 6వ శతాబ్ది చివర ఈ పద్ధతిని గాల్ దేశానికి తెచ్చాడు. పదేపదే క్షమ కోరడం పాత నియమానికి విరుద్ధమని 589లో స్పెయినులోని టొలేడో సభ ఖండించినా, సామాన్యులకు అది అందుబాటులో ఉంది కనుక నిలిచింది. 1215లో నాలుగవ లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా తన గురువు వద్ద పాపాలు ఒప్పుకోవాలని శాసించింది. 1517లో మార్టిన్ లూథర్ తన 95 వాదాంశాలను, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్న మాటతో మొదలుపెట్టాడు.

పాపి ఒంటరిగా చెప్పుకోవడంలో కరుణ ఎక్కువ, కాని సంఘమంతా అతనితో కలిసి ఏడ్చే అలవాటు ఆ మార్పులో చాలావరకు పోయింది. దాని ఆనవాలు ఒకటి మిగిలింది. తపస్సు కాలపు ఆరంభంలో బహిరంగ పశ్చాత్తాపుల తలపై వేసే బూడిదను విశ్వాసులందరూ స్వీకరించాలని 1091లో, పోప్ రెండవ అర్బన్ కాలంలో, బెనెవెంతో సభ ఆదేశించింది. తెలుగు కతోలికులు విభూది బుధవారమనీ, లూథరన్లు, ఇతర ప్రొటెస్టంట్లు భస్మ బుధవారమనీ పిలిచే దినం ఆనాడు గుడి వాకిట నిలిచినవారి వారసత్వమే. ఒకప్పుడు దోషులను వేరుచేసి చూపిన గుర్తు ఇప్పుడు గురువునూ సంఘాన్నీ ఒకే వరుసలో నిలుపుతోంది.