ఉపగ్రహ చిత్రం – విజ్ఞానశాస్త్ర బోధన : ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల శిక్షణలో గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

భూ ఉపరితలం నుండి పరావర్తనం చెందే కాంతిని కొలిచి ఉపగ్రహాలు పంపే సమాచారం నేడు వ్యవసాయం, నీటిపారుదల, అటవీ శాఖల దైనందిన వినియోగంలో ఉన్నది. అదే సమాచారం ఉన్నత పాఠశాలకు చేరినపుడు మాత్రం తరచు సాంఘిక శాస్త్ర పాఠంలో గోడకు వేలాడే పటంగానే మిగిలిపోతున్నది. వాస్తవానికి ఉపగ్రహ చిత్రం ఛాయాచిత్రం కాదు, అది కొలతల పట్టిక. ప్రతి గడిలోను ఒక సంఖ్య ఉంటుంది. కనుక దానిని బోధించవలసిన బాధ్యత భౌతికశాస్త్ర, జీవశాస్త్ర ఉపాధ్యాయులపై కూడా ఉన్నది. శిక్షణ కార్యక్రమాలు ఈ అంశం నుండే ప్రారంభం కావలసి ఉన్నది.

సమాచారం కొరత నేడు లేదు. హైదరాబాద్‌లో 1974లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 2008లో ఇస్రోలో భాగమై జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంగా మారినది. ఈ కేంద్రం రూపొందించిన 'భువన్' వేదిక 2009 ఆగస్టులో ప్రారంభమైనది. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి సహకారంతో పాఠశాలల కోసం భువన్‌లో ప్రత్యేక విభాగం కూడా ఏర్పాటైనది. భారత సర్వేక్షణ విభాగం 1:50,000 స్కేలు పటాలను 2017 నుండి ఉచితంగా అందిస్తున్నది. 5 మీటర్లు, అంతకంటే స్థూలమైన స్పష్టత గల ఇస్రో ఉపగ్రహ సమాచారాన్ని ఉచితంగా అందుబాటులో ఉంచాలని 2023 నాటి భారత అంతరిక్ష విధానం నిర్దేశించినది. 1966లో డెహ్రాడూన్‌లో స్థాపితమైన భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ 2007 నుండి దూరవిద్యా విధానంలో శిక్షణ ఇస్తున్నది. తొలినాళ్లలో ఈ పాఠాలు 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎడ్యుశాట్ ద్వారా ప్రసారమయ్యేవి.

కొరత ఉన్నది చిత్రాన్ని చదివే అభ్యాసంలోనే.

ఆకుపచ్చని పొలం ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది అన్నది శిక్షణలో ఉపాధ్యాయునికి ఎదురయ్యే తొలి ప్రశ్న. పత్రహరితం ఎరుపు కాంతిని అధికంగా శోషిస్తుంది. ఆకు లోపలి కణజాలం కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని అధికంగా పరావర్తనం చేస్తుంది. ఈ పరారుణ కొలతకు చిత్రంలో ఎరుపు రంగు కేటాయించడం వలన ఏపుగా ఉన్న పైరు ఎర్రగాను, నీరు నలుపు లేదా ముదురు నీలంగాను కనిపిస్తాయి. దీనినే మిథ్యావర్ణ చిత్రం అంటారు. పైరు ఒక చోట సమీప పరారుణ కాంతిలో 50 శాతం, ఎరుపులో 8 శాతం పరావర్తనం చేసినదనుకుందాం. ఈ రెండింటి భేదాన్ని వాటి మొత్తంతో భాగించగా 42/58, అనగా సుమారు 0.72 వస్తుంది. ఇదే వృక్ష సూచిక. ఎండిన నేల 30, 25 శాతం చూపితే సూచిక 0.09 మాత్రమే. కాంతి వర్ణపటం, కిరణజన్య సంయోగక్రియ, భిన్నాలు ఒకే లెక్కలో కలిసే ఇటువంటి పాఠాలు అరుదు.

ఈ సూత్రంపైనే మన దేశంలో రిమోట్ సెన్సింగ్ మొదలైనదన్న సంగతి విద్యార్థులకు తప్పక చెప్పదగినది. 1970 ప్రాంతంలో శ్రీ పి.ఆర్. పిషరోటి బృందం కేరళలో తెగులు సోకిన కొబ్బరి చెట్లను గుర్తించేందుకు పరారుణ కాంతిని గ్రహించే ఫిల్ముతో ఆకాశం నుండి చిత్రాలు తీసినది.

రెండవ అంశం స్పష్టత. రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 పరికరం చిత్రంలో ఒక్కొక్క గడి నేలపై 23.5 మీటర్ల చదరం. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు కనుక ఎకరా పొలం ఏడు గడులకు కొంచెం ఎక్కువ. అదే ఉపగ్రహంలోని 56 మీటర్ల ఏవైఫ్స్ చిత్రంలో ఒకటిన్నర గడి కూడా నిండదు. ఈ లెక్క స్వయంగా వేసిన విద్యార్థి తమ పెరటి బావి చిత్రంలో లేదని ఆశ్చర్యపడడు.

అయితే చిత్రం చెప్పనిది ఏమిటో తెలియడం అన్నింటికంటే ముఖ్యం. ఇందుకు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ గల కొల్లేరు సరస్సును మించిన ఉదాహరణ మన ప్రాంతంలో లేదు. సముద్ర మట్టానికి 5 అడుగుల కాంటూరు లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాలో చేరినది. అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను 2006లో ధ్వంసం చేశారు. మిథ్యావర్ణ చిత్రంలో సరస్సు నీరు, చేపల చెరువు నీరు ఒకే రీతిగా ముదురుగా కనిపిస్తాయి. తిన్నని గట్లు, చతురస్రాకారాలు మాత్రమే తేడాను పట్టిస్తాయి. గుర్రపు డెక్క పరుచుకున్న చోటు వరి పొలం వలె ఎర్రగానే ఉంటుంది. ఇక 5 అడుగుల కాంటూరు ఏ రంగులోను కనిపించదు. దానికి ఎత్తుల కొలతలు విడిగా కావాలి. చిత్రాన్ని మాత్రమే చూసి ఆక్రమణ ఉన్నదనో, లేదనో తేల్చితే వేలాది కుటుంబాల జీవనోపాధికి సంబంధించిన విషయంలో పొరపాటు తీర్పు చెప్పినట్లవుతుంది. బడి పిల్లల ప్రాజెక్టు అయినా ఈ నియమానికి మినహాయింపు కాదు.

అందువలన క్షేత్ర పరిశీలన లేని శిక్షణ అసంపూర్ణం. 1995 నుండి అనేక దేశాల పాఠశాలల్లో అమలవుతున్న 'గ్లోబ్' కార్యక్రమం ఈ విషయంలో మార్గదర్శకం. భూ ఆచ్ఛాదనను నమోదు చేయడానికి విద్యార్థులు 90 మీటర్ల చదరాన్ని ఎంచుకుంటారు. ల్యాండ్‌శాట్ గడి 30 మీటర్లు కనుక అది మూడు వరుసలుగా తొమ్మిది గడులకు సమానం. ఉపగ్రహం స్వల్పంగా పక్కకు గురిపెట్టినా నడిమి గడి ఆ చదరంలోనే ఉంటుందన్నది ఇందులోని యుక్తి. మన ఊరి చెరువు కట్టపైనో, మామిడి తోటలోనో తాడు, టేపు ఉంటే ఈ పని చేయవచ్చు.

నిర్వహణలో రెండు ఇబ్బందులను అధికారులు ముందుగానే గమనించడం మంచిది. మొదటిది ఋతువు. బడులు జూన్‌లో తెరుస్తారు, నైరుతి మేఘాలూ అప్పుడే వస్తాయి. సెప్టెంబర్ వరకు మామూలు ఉపగ్రహ చిత్రాల్లో పొలాలకు బదులు మబ్బులే ఎక్కువగా కనిపిస్తాయి. 2022 ఫిబ్రవరి 14న ప్రయోగించిన ఈఓఎస్-04 రాడార్ ఉపగ్రహం మేఘాల గుండా చూడగలదు గాని, రాడార్ చిత్రాన్ని చదవడం తొలి పాఠానికి తగినది కాదు. నవంబర్, ఫిబ్రవరి మధ్య తీసిన చిత్రాలతో సంవత్సరం ద్వితీయార్ధంలో ఈ పాఠాలు చెప్పడం మేలు. రెండవది సౌకర్యాలు. ఇంటర్నెట్ లేదన్న కారణంగా పాఠం మానవలసిన అవసరం లేదు. మండలం మొత్తానికి రెండు వేర్వేరు సంవత్సరాల్లో ఒకే నెలలో తీసిన రంగుల ముద్రణ ప్రతులు, ఒక పారదర్శక గళ్ల కాగితం ఉంటే చెరువు విస్తీర్ణంలో మార్పును విద్యార్థులు గడులు లెక్కించి తెలుసుకోగలరు. ప్రతులపై ఉపగ్రహం పేరు, చిత్రం తీసిన తేదీ, స్కేలు తప్పనిసరిగా ముద్రించాలి. పాఠశాలల ప్రాజెక్టులను వార్తగా అందించే పాత్రికేయులు కూడా ఈ మూడు వివరాలతో పాటు, విద్యార్థులు ఆ స్థలానికి వెళ్లి చూసినదీ లేనిదీ అడిగి తెలుసుకోవలసి ఉన్నది.