డిజిటల్ చిత్రకళ - లైసెన్సు ఒప్పందములు: ఛత్తాబజారు కాతిబుల నుండి కంప్యూటరు లిపుల వఱకు

చిత్రకారుడు తాను గీచిన బొమ్మను గాని, అక్షరరూపమును గాని, అలంకారరచనను గాని కంప్యూటరు ఫైలుగా పరులకు పంచునపుడును విక్రయించునపుడును, కృతిపై హక్కును తన యొద్దనే నిలుపుకొని, దానిని ఎవరు, ఎంతకాలము, ఏ ప్రయోజనమునకు వాడుకొనవచ్చునో నిర్ణయించి యిచ్చు అనుమతికి లైసెన్సు ఒప్పందమని పేరు. హక్కునే ఇతరులకు వ్రాసి యిచ్చివేయుట దీనికి భిన్నమైన వ్యవహారము. దానిని హక్కు బదిలీ యందురు. మన దేశమున చిత్రకారులు పొందిన నష్టములలో అధికభాగము ఈ రెండింటి భేదమును గుర్తింపమి వలన కలిగినదే. చేతివ్రాత శిలాముద్రణమునకును, శిలాముద్రణము కంప్యూటరునకును చోటిచ్చిన క్రమమంతయు ఒకే వీథిలో కానవచ్చు హైదరాబాదు పాతబస్తీలోని ఛత్తాబజారు ఈ విషయమును పరిశీలించుటకు మిక్కిలి అనువైన స్థలము.

పత్తర్‌గట్టికి చేరువనున్న ఈ బజారు ఉర్దూ ముద్రణాలయములకును, రుక్కాలనబడు పెండ్లి శుభలేఖలకును, వానిని వ్రాయు కాతిబులనబడు లేఖకులకును చిరకాలముగ ప్రసిద్ధి వహించినది. ఉర్దూ భాషకు ప్రియమైన నస్తాలీఖు లిపియందు అక్షరములు ఒకదానిపై నొకటి వాలుచు, పదము వెంబడి పదము క్రిందికి జాఱుచు నడచును గనుక, విడివిడి సీసపు అచ్చులతో దానిని కూర్చుట దుస్సాధ్యమయ్యెను. కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాల చేయించిన అచ్చులు ప్రచారము పొందలేదు. హైదరాబాదు సంస్థానమున జరిగిన ప్రయత్నమును ఫలింపలేదు. అందుచే కాతిబు పూతపూసిన కాగితముపై జిడ్డుసిరాతో వ్రాయుటయు, ఆ వ్రాతను రాతిపలకపైకి దింపి ప్రతులు తీయుటయు ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధము వఱకు ఆచారముగ నుండెను. ఆ పద్ధతిలో కాతిబు పుటకింతయని కూలి పుచ్చుకొనెడివాడు. ముద్రణము ముగిసినంతనే రాతిని అరుగదీసి మఱియొక పనికి వినియోగించెడివారు. మరల ప్రతులు కావలెనన్న మరల కాతిబు కడకే పోవలసియుండెను. ఒప్పందపత్రమెఱుగని ఆ కాలమున కళాకారుని జీవనమునకు రక్షణ కల్పించినది చట్టము గాదు, ఆ రాయియే యనుట నిజము.

ఈ స్థితి 1981లో మాఱెను. ఢిల్లీలో జన్మించి కరాచీలో స్థిరపడిన మీర్జా అహ్మద్ జమీల్ అను లిపికారుడు, ఒక్కొక్క అక్షరసముదాయమును వేఱువేఱుగ లిఖించి, ఇంగ్లండునందలి మోనోటైపు సంస్థ సహకారముతో దాదాపు 20,000 సముదాయములు గల కంప్యూటరు లిపిని సిద్ధపఱచి, తన తండ్రియగు నూర్ అహ్మద్ పేరిట దానికి నూరీ నస్తాలీఖు అని నామకరణము చేసెను. లాహోరునుండి వెలువడిన జంగ్ దినపత్రిక ఆ యేడే దానిని స్వీకరించెను. అనంతరము ఢిల్లీలోని కాన్సెప్టు సాఫ్టువేరు సంస్థ మోనోటైపు అనుమతితో ఈ లిపిని చేర్చుకొని 1994లో ఇన్‌పేజ్ అను కూర్పు సాధనమును వెలువరించెను. ఒక మనుష్యుని హస్తలేఖనము లైసెన్సు మార్గమున ఒక సంస్థనుండి మఱియొక సంస్థకు చేరి, తుదకు ఛత్తాబజారు మేజాలపై నిలిచినది. ఆ లిపిని అమ్మినవారికి ఒప్పందపత్రములుండెను. దాని రాకచే కలము పక్కనబెట్టి మౌసు పట్టిన కాతిబులకు మాత్రము అట్టి పత్రమేదియు లేకపోయెను. ఇన్‌పేజ్ ప్రతులు సైతము అనుమతి లేకయే ఉపఖండమంతట విచ్చలవిడిగ వ్యాపించెను.

కంప్యూటరు వలన శ్రమ తగ్గుటతో పాటు హానియు కలిగెను. రుక్కాకై రూపొందించిన తుఘ్రా యను అలంకారాక్షరచిత్రమును, లతాలంకారమును, అంచుపట్టెను కోరెల్‌డ్రా ఫైలుగ ఒకమాఱు ఇచ్చినచో, అది పెన్‌డ్రైవులలోను, వాట్సాప్‌లోను చేతులు మాఱి, ఏ ప్రమేయమును లేనివారి దుకాణమున వేఱొక పెండ్లికి అచ్చగును. ఫైలు అమ్మినవాడు దేనిని అమ్మినట్లు? ఒక్క పెండ్లికి ముద్రించుకొను అనుమతినా, లేక సర్వహక్కులనా? నోటిమాటపై సాగు వ్యాపారమున ఈ ప్రశ్నకు సమాధానము ముందుగా ఎవ్వరును నిర్ణయించుకొనరు.

భారతీయ శాసనము ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానము కళాకారులనుకొనుదానికంటె ఉదారమైనది. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 1958 జనవరి 21న అమలులోనికి వచ్చెను. దాని 17వ సెక్షను ననుసరించి కృతికర్తయే ప్రథమ హక్కుదారుడు. ఉద్యోగధర్మముగ చేసిన పనిలో హక్కు యజమానికి చెందును. ప్రతిఫలమిచ్చి వ్రాయించుకొన్న వర్ణచిత్రము, ఛాయాచిత్రము మున్నగువానిలో వ్రాయించుకొన్నవానికి చెందును. వేఱుగ ఒడంబడిక యున్నచో దానిదే పైచేయి. పత్రికలలో ఉద్యోగము చేయు కాతిబుల విషయమున చట్టము చేసిన ఏర్పాటు విశేషముగ గమనింపదగినది: పత్రికాప్రకటనము వఱకే యజమానికి హక్కు, తక్కిన హక్కులన్నియు కృతికర్తవే. 1949లో ఆబిద్ అలీఖాన్ స్థాపించిన సియాసత్ వంటి దినపత్రికలు పెక్కుమంది లిపికారులకు ఆశ్రయమిచ్చిన హైదరాబాదు నగరమున ఈ నియమమునకు ఎంతయో ప్రాధాన్యముండవలసినది.

19వ సెక్షను మఱింత ముఖ్యమైనది. హక్కు బదిలీ లిఖితపూర్వకముగ నుండి, ఇచ్చువాని సంతకము కలిగియుండవలెను. కాలపరిమితి చెప్పనిచో 5 సంవత్సరములనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశము వఱకే యనియు భావింపవలెను. పొందినవాడు ఒక సంవత్సరములోగా ఆ హక్కును వినియోగింపనిచో, ఒప్పందమున వేఱుగ లేనిపక్షమున, అది రద్దగును. ఈ నియమములే తగిన మార్పులతో లైసెన్సులకును వర్తించునని 30ఏ సెక్షను చెప్పుచున్నది. 57వ సెక్షను, హక్కులన్నియు అమ్ముకొన్న తరువాత సైతము, తానే కర్తనని చెప్పుకొను అధికారమును, కృతిని వికృతపఱచి తన కీర్తికి భంగము కలిగించువారిని అడ్డుకొను అధికారమును కళాకారునకు మిగిల్చినది. ఢిల్లీ విజ్ఞాన భవనమునందలి తన శిల్పచిత్రమును తొలగించి పాడుచేసినందుకై శిల్పి అమర్‌నాథ్ సెహగల్ తెచ్చిన వ్యాజ్యమున 2005లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షను బలముననే ఆయనకు అనుకూలముగ తీర్పునిచ్చెను.

విక్రయింపక ఉచితముగ పంచదలచినవారికి వేఱొక మార్గ మేర్పడెను. 2002 డిసెంబరులో క్రియేటివ్ కామన్స్ అను అమెరికా సంస్థ సిద్ధలైసెన్సులను వెలువరించెను. కర్త పేరు చెప్పవలెననుట, వ్యాపారమునకు వాడరాదనుట, మార్పులు చేయరాదనుట, మార్చినదానిని అదే నియమముపై పంచవలెననుట అను షరతులలో తనకు కావలసినవానిని కళాకారుడే ఎన్నుకొనును. ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనుకకు తీసికొన వీలులేదు గనుక ఇది తొందరపడి చేయదగిన పని కాదు.

అక్షరరూపములకై 2005లో ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఏర్పడెను. లిపిని ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చవచ్చును. లిపిని మాత్రమే విడిగ అమ్మరాదు. మార్చిన లిపిని సైతము అదే లైసెన్సుపై పంచవలెను. ఆ లిపితో కూర్చిన పుస్తకమునకు మాత్రము ఏ బంధనమును లేదు. తెలుగునకు ఈ లైసెన్సు చేసిన మేలు ఇంతంత గాదు. గుత్తుల పురుషోత్తకుమార్ రూపకల్పన చేయగా సిలికానాంధ్ర సంస్థ లోకమునకిచ్చిన మండలి మొదలగు లిపులు ఈ ఒప్పందముపైననే వెలువడి, 2014లో గూగుల్ ఫాంట్లలో చేరెను. వీనిలో కొన్నింటియందు పరదేశీయ రూపకర్తలు గీచిన రోమను అక్షరములు తెలుగు అక్షరములకు తోడుగ కూడియుండుట లైసెన్సు వలననే సాధ్యపడినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారి పోతన, వేమన లిపులు వేఱొక స్వేచ్ఛాలైసెన్సుపై అంతకు పూర్వమే ప్రచారమందియుండెను. నస్తాలీఖునకు సైతము నోటో నస్తాలీఖు ఉర్దూ, గుల్జార్ అను స్వేచ్ఛాలిపులు నేడు లభించుచున్నవి; ఛత్తాబజారు నవతరము వీనిని నిర్భయముగ వాడుకొనవచ్చును.

ఇచట ఒక చిక్కు కలదు. ఆనంద అను లిపి విషయమున, అక్షరరూపములను కళాకృతులుగ నమోదు చేయుటకు వీలులేదని కాపీరైటు బోర్డు 2002లో నిర్ణయించెను. కనుక లిపిరూపకర్తకు చట్టముకంటె ఒప్పందమే అధికమగు ఆధారము. వస్తువులపై వేయు అలంకారములకు 15వ సెక్షను మఱియొక హద్దు విధించినది: డిజైను చట్టము క్రింద నమోదుకు తగియుండియు నమోదుకాని అలంకారమును యంత్రప్రక్రియచే 50 మార్లకు మించి వస్తువులపై ముద్రించినచో, దానిపై కాపీరైటు అంతరించును. వస్త్రములకు, పాత్రలకు నమూనాలు గీచువారు ఇది తెలియక నష్టపోవుచున్నారు. లాడ్‌బజారు లక్కగాజులకు 2024లో లభించిన భౌగోళిక సూచిక ఆ గాజుల పనితనమునంతకును రక్షణయే గాని, ఒక కళాకారుడు గీచిన ఒక నమూనాకు రక్షణ గాదు.

ఛత్తాబజారు డిజైనరునకు కావలసిన ఒప్పందము ఒక్క పుటకు మించనక్కఱలేదు. ఫైలు పేరు, వాడుక, ప్రతుల సంఖ్య, కాలము, ప్రదేశము, ఇతరులకు మరల ఇచ్చు అధికారము కలదో లేదో, ప్రతిఫలమెంతయో తేదీతో వ్రాసి, ఉభయుల సంతకములు చేయించుకొనిన చాలును. ఉర్దూలో వ్రాసినను తెలుగులో వ్రాసినను చెల్లును. కాపీరైటుకు నమోదు తప్పనిసరి గాదు. అనుమతి లేక కృతిని వాడుకొన్నవాడు బొంబాయిలో నున్నను ఢిల్లీలో నున్నను, కళాకారుడు తాను నివసించు చోటనో, వ్యాపారము చేయు చోటనో గల జిల్లా న్యాయస్థానముననే వ్యాజ్యము వేయుటకు 62వ సెక్షను అవకాశ మొసగుచున్నది.